తిమ్మప్ప బండికి సెల్ఫ్ మోటారు

"ఉస్తాద్, ఏ భాగం చెడిపోయిందో కనుక్కోవడం నేర్పించినావు. ఏ భాగమూ చెడిపోలేదు, అయినా బండి కదలనంటాది. అప్పుడేం చేయాల?"

మౌలాలి ఉస్తాద్‌ని ఈ ప్రశ్న అడిగినవాడు సుంకన్న. ఆదోనిలో పత్తి మిల్లుల వెనక సందులో ఉస్తాద్‌కి మోటారు సైకిళ్ళ షెడ్డు ఉండేది. కంపెనీలు తయారు చేయడం మానేసినవీ, సామాను దొరకనివీ, వేరే మెకానిక్కులు ముట్టుకోం అని తిప్పి పంపినవీ అక్కడికి వచ్చేవి. సుంకన్న ఆయన దగ్గర పని నేర్చుకుని, పెళ్ళయి, బిడ్డలు పుట్టి, మీసం నెరుస్తున్నా అక్కడే ఉండిపోయాడు. పనిమంతుడు. దయ్యం అనే మాట వినపడితే నవ్వేవాడు. ఈ ప్రశ్న అడిగిన సాయంత్రం మాత్రం వాడి ముఖంలో నవ్వు లేదు. చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు, గ్రీజు పోయిన తర్వాత కూడా కడుక్కుంటూనే నిలబడ్డాడు.

ఉస్తాద్ ప్రశ్నకు ప్రశ్న వేసే మనిషి. "ఎవరి బండి?" అన్నాడు.

"తిమ్మప్పది."

"తిమ్మప్ప పోయినాడు కదరా."

"పోయినాడో లేదో, అదే నాకు అర్థం కాలేదు ఉస్తాద్."

సంగతి మొదటి నుంచి చెప్పాలి. తిమ్మప్ప జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఎత్తు మనిషి, దానికి తగిన ఒళ్ళు. ఆయన భార్య గంగరత్నమ్మ నర్సు. గుట్టల మీది పల్లెలకు పోయి గర్భిణీలను చూడడం, పసిబిడ్డలకు సూదులు వేయడం ఆమె ఉద్యోగం. ఆ పల్లెలకు బస్సు లేదు, ఆటోవాళ్ళు ఆ రాళ్ళదారి ఎక్కరు. పెళ్ళయినప్పటి నుంచి తిమ్మప్పే ఆమెను బండి వెనక కూర్చోబెట్టుకుని పొద్దున్నే దింపి వచ్చేవాడు, షిఫ్టు దిగినాక పోయి తెచ్చుకునేవాడు. బండి జపాను నుంచి ఏనాడో వచ్చినది. మిల్లు యజమాని మోజు తీరాక వదిలేస్తే తిమ్మప్ప ఇంటికి తెచ్చుకుని కడుపున పుట్టినదాన్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. పొడుగాటి సీటు, నీలం రంగు ట్యాంకు. ఆ కాలానికే దానికి సెల్ఫ్ ఉంది. కానీ సెల్ఫ్ మోటారు కాలిపోయి చాలా ఏళ్ళయింది. కాలితో ఒక్క తన్ను తంతే స్టార్టయ్యే బండికి మోటారు ఎందుకని తిమ్మప్ప పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం మిల్లులో అన్నం క్యారియరు విప్పుతూ విప్పుతూ తిమ్మప్ప పక్కకు ఒరిగిపోయాడు. డాక్టరు వచ్చేదాకా కూడా ఆగలేదు.

ఆ తర్వాత గంగరత్నమ్మకు పల్లెలు దూరమైపోయాయి. ఎవరినో బతిమాలుకుని కొన్నాళ్ళు పోయింది. పైనున్న డాక్టరు చివరికి తేల్చి చెప్పాడు. వచ్చే బుధవారం సూదుల రోజు. ఆ రోజుకు తన బండి మీద తాను పోగలిగితే సరే, లేకుంటే ఆ పల్లెలు ఇంకొక నర్సుకు పోతాయి, గంగరత్నమ్మ ఆసుపత్రిలో మందుల గదిలో కూర్చోవాలి. ఆ పల్లెల్లో ఇవాళ పురుడు పోసుకునే ఆడపిల్లల్లో చాలామంది పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆమే. "మందుల గదిలో కూర్చోబెడితే నన్ను గూడా తీసుకుపోయి పూడ్చినట్టే సుంకన్నా" అంది ఆమె. బండి నడపడం ఆమెకు తెలుసు. పుట్టింట్లో అన్నల బండ్ల మీద చిన్నప్పుడే నేర్చుకుంది. పెళ్ళయినాక ఆ అవసరం రాలేదు. ఇప్పుడు కిక్కు కొట్టడానికి మోకాలు ఒప్పుకోదు. అందుకని సెల్ఫ్ మోటారు మార్చి ఇమ్మని అడిగింది.

సుంకన్న హైదరాబాదులో పాత సామాన్ల బజారంతా తిరిగి అలాంటి బండిదే ఒక మోటారు సంపాదించాడు. పని ఇంటి దగ్గరే చేశాడు, బండి షెడ్డుకి పోవడానికి గంగరత్నమ్మ ఒప్పుకోలేదు మరి. బ్యాటరీ వైరు తీశాడు. ఎడమ పక్క మూత విప్పి, బోల్టులు వదులు చేసి, పాత మోటారును నెమ్మదిగా వెనక్కి లాగాడు. లోపల రాగి పట్టీలు నల్లగా మాడి ఉన్నాయి. కొత్తగా తెచ్చినదాన్ని ముందు నేల మీద పెట్టి కరెంటు ఇచ్చి చూశాడు, చక్కగా తిరిగింది. ఆయిలు కారకుండా కొత్త రబ్బరు రింగు వేసి, చిన్న చైను ఎక్కించి, బిగించాడు. బొత్తాం నొక్కాడు. ఇంజను ఒక్క గుటకలో అందుకుంది.

"రా సిస్టరమ్మా, ఇంక నీదే" అన్నాడు.

గంగరత్నమ్మ ఎక్కి కూర్చుని నొక్కింది. ఏమీ లేదు. మోటారు తిరగకపోతే పోనీ, దానికి కరెంటు వదిలే రిలే 'టిక్' అనాలి కదా, అదీ అనలేదు. సుంకన్న వచ్చి నొక్కాడు, స్టార్టయింది. ఆపి ఆమెకిచ్చాడు, లేదు. పక్కింటి హంపమ్మ చేత నొక్కించాడు, స్టార్టయింది. దారిన పోయే పాలాయన చేత నొక్కించాడు, స్టార్టయింది. గంగరత్నమ్మ చేతికి మాత్రం బండి రాయిలా ఉండిపోయింది. బొత్తాం మార్చాడు. హ్యాండిలు నుంచి బ్యాటరీ దాకా వైరింగు మొత్తం కొత్తది వేశాడు. అదే కథ.

మరుసటి రోజు రిలే మార్చడానికి పోయాడు. పోగానే బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టాడు, పనిలోకి దిగే ముందు ఎవరైనా చేసేది అదే. మధ్యాహ్నం అయింది, గంగరత్నమ్మ పెట్టిన అన్నం తినడానికి అరుగు మీద కూర్చున్నాడు. ఎండ చుర్రుమంటూ ఉంది. వీధిలో మనిషి అలికిడి లేదు. రెండో ముద్ద నోట్లో ఉండగా పెరట్లో మోటారు తిరిగింది.

గుర్రుమని, నిదానంగా, ఎవరో బొత్తాం మీద వేలు పెట్టి తియ్యనట్టు తిరిగింది.

సుంకన్న ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. వాడు పోయేసరికి ఆగిపోయింది. బండి దగ్గర ఎవరూ లేరు. అరుగు కింద పడుకున్న ఇంటి కుక్క అప్పటికే అక్కడికి పోయి, తోక ఆడించుకుంటూ ముందు చక్రం చుట్టూ తిరుగుతోంది. ఎక్కడో వైరు తగులుకుని ఉంటుందని సుంకన్న బ్యాటరీ వైపు చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొద్దున తాను పీకిన వైరు పీకినట్టే, బ్యాటరీకి జానెడు దూరంలో వేలాడుతూ ఉంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో గంగరత్నమ్మ నిలబడి ఉంది. ఆమె భయపడలేదు. "మిల్లులో అన్నం క్యారియరు విప్పే యాళ" అంది, అంతే. లోపలికి పోయింది.

రిలే మార్చి వైరు మళ్ళీ తగిలించినా ఆమె చేతికి బండి పలకలేదు. ఇదీ సుంకన్న తెచ్చిన ప్రశ్న. ఇందులో ఒక్క మాట నేను కల్పించలేదు. సుంకన్న నాకు చెప్పినప్పుడు ఎట్లా చెప్పాడో అట్లాగే రాస్తున్నాను. నమ్మలేనివాళ్ళతో నాకు వాదన లేదు, వాళ్ళ కోసం మాట మార్చేదీ లేదు.

ఉస్తాద్ అంతా విని టీ గ్లాసు కింద పెట్టాడు. "రేపు పొద్దున పోదాం" అన్నాడు.

"రేపే కదా బుధవారం. అప్పటికప్పుడు ఏం చేస్తాం? ఏం చేయాలో ఇప్పుడే చెప్పు, నేనే పోయి చేస్తా."

"చెప్తే అయ్యే పనైతే ఇంతసేపు నువ్వే చేసుండవా?"

తెల్లవారి ఇద్దరూ బయలుదేరారు. సుంకన్న సామాన్ల సంచీ భుజాన వేసుకున్నాడు. ఉస్తాద్ చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "ఏమీ తీసుకోలేదే ఉస్తాద్?" అని అడిగితే, "నువ్వు మోస్తాండావు కదా. చేతులు ఊరికే ఉంటే నీకు తోచదు" అన్నాడు.

చలికాలం. మంచు బాగా కురిసి, వీధిలో ప్రతి వస్తువూ తడిసి ఉంది. గంగరత్నమ్మ బండిని బయటికి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టింది. మందుల పెట్టె వెనక క్యారేజీకి తాడుతో కట్టేసింది. పంజాబీ డ్రెస్సు మీద చలికోటు వేసుకుని, చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడింది. రాత్రి నిద్ర లేదని ఆమె కళ్ళు చెబుతున్నాయి.

గోడ పక్క నుంచి హంపమ్మ తొంగి చూసింది. "ఏం ఉస్తాదూ, బండికి మందేసేదానికి వచ్చినావా, మంత్రమేసేదానికా?"

"టీ పోస్తే రెండూ వేస్తా హంపమ్మా."

"నేను నొక్కితే స్టార్టయింది, తెల్సునా? నేను నా జన్మలో సైకిలు గూడా ఎక్కినదాన్ని కాదు."

"అయితే నువ్వే పో, సూదులు వేసి రా" అన్నాడు సుంకన్న. హంపమ్మ మూతి తిప్పుకుని టీకి పోయింది.

ఉస్తాద్ బండిని ముట్టుకోలేదు. మూత విప్పమనలేదు. వీధికి అవతలి పక్కకు పోయి, గోడకు ఆనుకుని నిలబడి, "ఎక్కు తల్లీ, పోయేదానికి ఎట్ల ఎక్కుతావో అట్లనే ఎక్కు" అన్నాడు.

గంగరత్నమ్మ గుడ్డతో సీటు తుడుచుకుంది. ఎక్కి కూర్చుంది. చేతులు చాచి హ్యాండిలు పట్టుకుని బొత్తాం నొక్కింది. నిశ్శబ్దం. మళ్ళీ నొక్కింది.

"ఏం కనపడతాంది రా?" అన్నాడు ఉస్తాద్.

"ఏముంది కనపడేదానికి? రిలే పలకడంలే."

"ఇక్కడ నిలబడి చూడు."

సుంకన్న పోయి ఆయన పక్కన నిలబడ్డాడు. ఇన్ని రోజులూ బండికి ఆనుకుని చూసినవాడు, మొదటిసారి దూరం నుంచి చూశాడు. గంగరత్నమ్మ సీటు మీద వెనగ్గా కూర్చుని ఉంది. ఆమెకూ ట్యాంకుకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. ఆ చోటు మీదుగా, ముందున్నవాళ్ళను తాకకుండా పక్క నుంచి చేతులు పోనిచ్చినట్టు, మోచేతులు బయటికి పెట్టి హ్యాండిలు అందుకుంటోంది.

ఓహో, ఇంతేనా అనుకున్నాడు సుంకన్న. అంత దూరం నుంచి చాచి నొక్కితే బొత్తాం పూర్తిగా దిగదు. పరుగున పోయి, ఆమెను దింపి, తాను కూడా అంత వెనగ్గా కూర్చుని, చేతులు అట్లాగే చాచి నొక్కాడు. ఇంజను టక్కున అందుకుంది. ఆపేసి, దిగి పక్కకు వచ్చాడు. ఆమె మళ్ళీ ఎక్కింది. మళ్ళీ వెనగ్గానే కూర్చుంది.

ఉస్తాద్ వీధి దాటి వచ్చాడు. "ముందుకు జరుగు తల్లీ" అన్నాడు.

"జాగా లేదన్నా" అంది గంగరత్నమ్మ.

బస్సులో నిలబడినవాళ్ళతో అన్నట్టు, మామూలుగా అనేసింది. అన్న తర్వాత ఆ మాట ఆమె చెవికే వినపడింది. హ్యాండిలు మీది చేతులు మెల్లగా వెనక్కి వచ్చి ఒళ్ళో పడ్డాయి.

సుంకన్న ఆ ఖాళీ చోటు వైపు చూశాడు. ఆమె తుడుచుకున్నది తాను కూర్చునే వెనక భాగం ఒక్కటే. ట్యాంకు మీద మంచు బొట్లు అట్లాగే ఉన్నాయి. అద్దాల మీద ఉన్నాయి. హ్యాండిలు నడుమ ఉన్నాయి. ముందు సీటు మాత్రం పొడిగా ఉంది. వాడు దాని మీద కూర్చోలేదు. ఆమె దాన్ని తుడవలేదు. వేలితో ముట్టుకుని చూద్దామా అనుకున్నాడు. వేలు ముందుకు పోలేదు.

"దిగు సిస్టరమ్మా" అన్నాడు గబగబా. "నేను స్టార్ట్ చేసి ఇస్తా, నువ్వు పో."

"పల్లెలో ఆపినాక? గుట్ట మీదికి వస్తావా స్టార్ట్ చేసేదానికి?" అంది ఆమె. తర్వాత ఉస్తాద్ వైపు తిరిగింది. "పొమ్మని చెప్పినా అన్నా. వైరింగు మార్చిన సాయంత్రం మా వదినలు వచ్చినారు. ఆయప్ప బండిని పట్టుకుని ఉండాడు, నువ్వే చెప్పి పంపించాల అన్నారు. వేపమండలతో బండిని కొట్టినారు. దండం పెట్టి, ఇంక పో సామీ, నా బతుకు నేను చూసుకుంటా అని నా నోటితో నేనే చెప్పినా. ఆ మర్నాడే మధ్యాహ్నం మోటారు తిరిగింది. కోపమొచ్చి తిరిగిందో, అన్నానికి వచ్చి తిరిగిందో నాకు తెలీదు. ఇంకేమని చెప్పల్ల?"

ఉస్తాద్ తల మీది టోపీ సర్దుకున్నాడు. బండి పక్కకు పోయి, హ్యాండిలుకు కొంచెం ఎడంగా నిలబడ్డాడు. బండి మీద ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు ఎవరైనా నిలబడేది అక్కడే. ఆయన ముఖం గంగరత్నమ్మ వైపు లేదు. ఆమె ముందున్న చోటు వైపు ఉంది. ఎత్తయిన మనిషి కళ్ళలోకి చూడ్డానికి ఎత్తినంత మేరకు గడ్డం పైకి ఎత్తి ఉంది.

"తిమ్మప్పా" అన్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "ఈపొద్దు నుంచి బండి ఆయమ్మ నడుపుతాది. పిల్లోళ్ళు ఎదురు చూస్తాంటారు. కొంచెం వెనక్కి జరుగు."

అని ఆగాడు. బరువైన మనిషి కాలు తిప్పి చోటు మారడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు.

బండి స్టాండు మీద కిర్రుమంది. ముందు పక్క ఒకసారి తేలింది. గంగరత్నమ్మ కదల్లేదు, ఉస్తాద్ చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు, సుంకన్న అడుగు దూరంలో ఉన్నాడు. కుక్క లేచి, ముందు చక్రం దగ్గర నుంచి వెనక చక్రం దగ్గరికి పోయి కూర్చుంది.

"ఇప్పుడు జరుగు తల్లీ" అన్నాడు ఉస్తాద్.

గంగరత్నమ్మ ముందుకు జరిగింది. మోకాళ్ళు ట్యాంకుకు ఆనాయి. మోచేతులు దగ్గరికి వచ్చాయి. బొత్తాం మీద వేలు పెట్టింది, కానీ నొక్కలేదు. ఆమె భుజాలు ఒక్కసారి బిగిసి, తర్వాత వదులయ్యాయి. నొక్కింది. రిలే 'టిక్' అంది. మోటారు గుర్రుమంది. ఇంజను అందుకుంది.

హంపమ్మ టీ గ్లాసులతో గోడ దగ్గరికి వచ్చి, "అయ్యో, నేను చూడకముందే చేసేసినారా?" అంది.

గంగరత్నమ్మ అద్దం మీది మంచు తుడిచి, కొంచెం తిప్పి, అందులోకి చూసింది. చాలాసేపు చూసింది. అందులో ఏం కనపడిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. తర్వాత, స్టాండు తీసి గేరు వేస్తూ, ముఖం వెనక్కి తిప్పకుండా, "గట్టిగా పట్టుకో" అంది. ఇన్నేళ్ళూ వెనక కూర్చుని ఆమె పొద్దున్నే విన్న మాట అది.

బండి కదిలింది. సన్నటి ఆడమనిషి, ఒక మందుల పెట్టె. ఆ బరువుకు వెనక స్ప్రింగులు అంతగా కుంగవని సుంకన్నకు తెలుసు, వాటిని కిందటేడు బిగించింది వాడే. సందు చివర స్పీడు బ్రేకరు మీదికి ఎక్కినప్పుడు వెనక మడ్‌గార్డు చక్రానికి తగిలి బర్రుమని రాసుకుంది. లావాటి మనిషిని ఎక్కించుకున్న బండి చేసే చప్పుడు అది. ఆమె నిదానించి, జాగ్రత్తగా దించి, గుట్టల దారి వైపు తిరిగిపోయింది. చప్పుడు చాలాసేపు వినపడుతూనే ఉంది.

సుంకన్న సంచీ కింద పెట్టి, దాని మీదే కూర్చుండిపోయాడు.

"ఇంటోళ్ళందరూ చెప్పినారు, పోలేదు. భార్య దండం పెట్టి చెప్పింది, పోలేదు. నువ్వు ఒక్క మాటతో ఎట్ల పంపించినావు ఉస్తాద్?"

ఉస్తాద్ హంపమ్మ చేతిలో నుంచి గ్లాసు అందుకుని, వేడి ఊదుకుని, ఒక గుక్క తాగాడు.

"నేనెవర్నీ పొమ్మనలేదే సుంకన్నా" అన్నాడు. "జరగమన్నా."